చెక్కని గాలే పట్టుకుంటుంది: సీఎన్‌సీ రౌటర్‌కి వాక్యూమ్ బెడ్ కట్టుకోవడం, వాడుకోవడం

విజయవాడ ఆటోనగర్‌లోనో గుంటూరు శివార్లలోనో ఒక షెడ్డు, అందులో ఒక 8×4 అడుగుల సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని కోసే మెషిన్. పూజగది తలుపులు, సింహద్వారం మీద చెక్కుడు, ఎండీఎఫ్ (చెక్క నారని అదిమి చేసిన బోర్డు) జాలీలు, వంటింటి కబోర్డు షట్టర్లు. మీ పని ఇలాంటిదైతే ఇది మీకోసం. షీటుకి నాలుగు మూలలా స్క్రూలు బిగించి, మధ్యలో లేచిన చోట హెల్పర్ చేత్తో అదిమి పట్టుకుంటుంటే కట్ చేసే షాపులు ఇంకా ఉన్నాయి. షీటు కింది గాలిని పంపుతో తోడేసి దాన్ని మెషిన్ బల్లకి అంటిపెట్టేదే వాక్యూమ్ బెడ్. అది పెట్టినా పెట్టకపోయినా, చేత్తో అదిమి పట్టే అలవాటు ఈ రోజే మానెయ్యండి. నిమిషానికి 18,000 చుట్లు తిరిగే బిట్ పక్కన చెయ్యి ఉండకూడదు.

వాక్యూమ్ అనగానే అందరూ అడిగేది "ఎన్ని హెచ్‌పీ పంపు పెట్టాలి?" అని. అడగాల్సింది "నా బెడ్‌లోకి గాలి ఎక్కడెక్కడ దూరుతోంది?" అని. లీకులున్న బెడ్‌కి పెద్ద పంపు తగిలించడం అంటే, చిల్లు పడ్డ బకెట్ నిండటం లేదని కుళాయి ఇంకా తిప్పడమే. డబ్బూ పోతుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది, పీసు మాత్రం కదులుతూనే ఉంటుంది.

ముందు కాస్త లెక్క

పంపు చెక్కని కిందికి లాగదు. చెక్క కింద ఉన్న గాలిని తోడేస్తుంది, అంతే. పైన ఉన్న గాలి తన బరువుతో చెక్కని బెడ్‌కి అదుముతుంది. సముద్రమట్టం దగ్గర ఆ బరువు చదరపు సెంటీమీటరుకి కిలో పైచిలుకు. మనది పల్లపు ప్రాంతం కాబట్టి ఆ బరువు మనకి దాదాపు పూర్తిగా దొరుకుతుంది. ఎత్తు మీదున్న బెంగుళూరులో సుమారు పదో వంతు తక్కువ.

వాక్యూమ్ గేజ్ మీద అంకెలు మామూలుగా 0 నుంచి 760 దాకా ఉంటాయి. అవి పాదరసం మిల్లీమీటర్లు. 760 అంటే పూర్తి శూన్యం. షాపులో అక్కడిదాకా వెళ్లే పని లేదు. ముల్లు 600 దగ్గర ఉంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 0.8 కిలోల అదుము అని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఒక 10×10 సెంటీమీటర్ల పీసు తీసుకోండి. 100 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి 80 కిలోల అదుము. బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ బిట్ చెక్కని ఎక్కువగా నెట్టేది పక్కకి. పక్కకి జారకుండా ఆపేది రాపిడి ఒక్కటే. నున్నటి బెడ్ మీద నున్నటి చెక్క అయితే, అదుములో పావు నుంచి మూడో వంతు దాకానే ఆ పట్టు ఉంటుంది. అంటే 80 కిలోల్లో పక్క తోపుని ఆపడానికి మిగిలేది 20, 25 కిలోలు. అదే 5×5 పీసుకి అదుము 20 కిలోలు, పక్క పట్టు ఐదారు కిలోలు. 12 మిల్లీమీటర్ల బిట్‌తో లోతుగా కోస్తే ఆ పీసు ఎగిరి గోడకి తగులుతుంది.

రెండో కొసన 8×4 పూర్తి షీటు చూడండి. దాదాపు 29,700 చదరపు సెంటీమీటర్లు. గేజ్ 300 దగ్గరే నిలబడిపోయినా షీటు మీద పది టన్నుల పైన బరువు ఉన్నట్టే. అందుకే పెద్ద షీటు పనికి కొంచెం లీకున్నా బండి నడుస్తుంది. చిన్న పీసులకి ఎంత మంచి పంపున్నా తిప్పలే. పెద్దవాటికీ చిన్నవాటికీ ఒకే పద్ధతి పనికిరాకపోవడం ఇందువల్లే.

పంపు

ప్రతి పంపుకీ రెండు గుణాలు: ఎంత లోతు వాక్యూమ్ చేస్తుంది, ఎంత గాలి తోడుతుంది. రెండూ ఒకే పంపులో చవగ్గా రావు.

రింగ్ బ్లోయర్ చాలా గాలి తోడుతుంది, కానీ లోతు తక్కువ. గేజ్ 150 నుంచి 300 మధ్యలో తిరుగుతుంది. పెద్ద షీట్లు, గాలి కారే ఎండీఎఫ్ బెడ్, ఎక్కువ కట్టింగులు ఉన్న పనికి ఇది చాలు. ఆయిల్‌తో నడిచే వేన్ పంపు దీనికి పూర్తిగా ఉల్టా: లోతు 700 దాటుతుంది, గాలి మాత్రం కొంచెమే తోడుతుంది. రబ్బరు ప్యాకింగ్ వేసిన ఫిక్చర్ (ఒకే రకం పీసుని పట్టుకోడానికి చేసిన పలక) మీద చిన్న పీసులకి ఇది మంచిది. లీకున్న బెడ్‌కి తగిలిస్తే వేడెక్కి ఆయిల్ పొగ కక్కుతుంది. కంప్రెసర్ గాలితో నడిచే వెంచురీ చాలా చవక, కదిలే భాగాలు లేవు. ఒకటి రెండు చిన్న ఫిక్చర్లకి పెట్టుకోవచ్చు. దాని కోసం కంప్రెసర్ రోజంతా ఆగకుండా కొట్టుకుంటుందని మాత్రం తెలిసే పెట్టుకోండి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో నడిపించాలని కొందరు చూస్తారు. అందులో మోటారు చల్లబడేది లోపలికి వచ్చే గాలితోనే. షీటు పరిచి గాలి ఆపేస్తే కాసేపట్లో మోటారు కాలుతుంది.

మన దగ్గర 8×4 మెషిన్లతో ఎక్కువగా వచ్చేది వాటర్ రింగ్ పంపు. 5.5 లేదా 7.5 కిలోవాట్లది. మొండి పంపు, లోపలికి చెక్కపొడి పోయినా తట్టుకుంటుంది, గాలీ తోడుతుంది, లోతూ వస్తుంది. దాని బలహీనత ఒక్కటే: నీళ్ల వేడి. లోపల గాలిని అడ్డుకునేది తిరిగే నీటి వలయం. నీళ్లు వేడెక్కితే వాక్యూమ్‌లో ఆవిరై ఆ ఖాళీని అవే నింపేస్తాయి. పంపు పట్టీ మీద రాసే సామర్థ్యం సాధారణంగా 15 డిగ్రీల నీళ్లతో లెక్కకట్టింది. 15 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 13 మిల్లీమీటర్లు. 45 డిగ్రీల దగ్గర 72. 50 డిగ్రీల దగ్గర 92. అంటే రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద, చిన్న డ్రమ్ములో అవే నీళ్లు తిప్పుతూ ఉంటే, ఒక్క లీకు లేకపోయినా గేజ్ పొద్దున ఉన్నట్టు మధ్యాహ్నం ఉండదు. దీంతోపాటు లోపల ఆవిరి బుడగలు పగిలి ఇంపెల్లర్‌ని (లోపలి రెక్కల చక్రాన్ని) కొరికేస్తాయి. గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు వస్తే అదే.

కాబట్టి మెషిన్‌తో ఇచ్చే చిన్న తొట్టిని నమ్ముకోకండి. కనీసం 500 లీటర్లు, వీలైతే 1,000 లీటర్ల ట్యాంకు పెట్టండి. నీడలో పెట్టండి, షెడ్డుకి తూర్పునో ఉత్తరానో. పంపు నుంచి వచ్చే వేడి నీళ్లు ట్యాంకులో ఒక కొసన పైనుంచి పడాలి, పంపుకి వెళ్లే నీళ్లు రెండో కొసన కిందనుంచి తీసుకోవాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే పంపు లోపల తెల్లగా గార కడుతుంది. కొన్నాళ్లకి షాఫ్ట్ తిరగనంటుంది. మున్సిపల్ కుళాయి నీళ్లు పోసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఏ పంపైనా, తిరిగే దిశ మొదటిరోజే చూడండి. త్రీ ఫేజ్‌లో ఏ రెండు వైర్లు తారుమారైనా మోటారు వెనక్కి తిరుగుతుంది. బ్లోయర్ అయితే షీటుని పైకి లేపుతుంది. ఆయిల్ పంపు అయితే పాడవుతుంది, పైగా ఆయిల్ పైపులోకి రావచ్చు. లైన్‌మన్ స్తంభం మీద పని చేసి వెళ్లిన రోజు కూడా ఒకసారి చూసుకోండి.

బెడ్ కట్టడం

కింద గట్టి బేస్, దానికి గళ్లు గళ్లుగా గాడులు, దాని మీద ఎండీఎఫ్ స్పాయిల్ బోర్డు (బిట్ గాట్లు తినడానికి వేసే బోర్డు), ఆ పైన మన జాబ్, అంటే కోసే చెక్క. గాలి జాబ్ కింద నుంచి స్పాయిల్ బోర్డు గుండా గాడుల్లోకి, అక్కడినుంచి పైపులోకి పోతుంది. ఎండీఎఫ్ గుండా గాలి పోతుందా అని చాలామంది నమ్మరు. పోతుంది. ఈ పద్ధతి అంతా దాని మీదే నిలబడింది.

మెషిన్‌తో వాక్యూమ్ బెడ్ రాకపోతే బేస్ మీరే చేసుకోవచ్చు. నల్లటి ఫినాలిక్ షీటు, దళసరి పీవీసీ షీటు, అల్యూమినియం, ఇవి గాలి పీల్చవు. ప్లైవుడ్‌తోనో హెచ్‌డీహెచ్‌ఎమ్‌ఆర్‌తోనో (తేమ తట్టుకునే దట్టమైన ఫైబర్ బోర్డు) చేస్తే గాడులతో సహా సీలర్ రెండు మూడు కోట్లు కొట్టాల్సిందే. గాడులు మీ రౌటరే కోస్తుంది: 10 నుంచి 12 మిల్లీమీటర్ల వెడల్పు, 8 లోతు, 50 మిల్లీమీటర్లకి ఒకటి. అంచు చుట్టూ 40 మిల్లీమీటర్లు గాడి లేకుండా వదిలేయండి.

బెడ్‌ని కనీసం నాలుగు భాగాలుగా విడదీయండి. 8×4కి ఆరు చేస్తే ఇంకా హాయి. ఒక భాగం గాడులు పక్క భాగం గాడులతో కలవకూడదు. ప్రతి భాగానికీ విడిగా పైపు, విడిగా బాల్ వాల్వు. 2×2 అడుగుల పీసు కోసేటప్పుడు మిగతా బెడ్ అంతా మూసేసుకునే వీలు ఉండాలి.

పైపుల దగ్గర పిసినారితనం వద్దు. పంపు నోరు రెండు అంగుళాలైతే మెయిన్ పైపు అంతకన్నా సన్నం కాకూడదు. నూటికి నూరు మెషిన్లలో ఇక్కడే పొదుపు చేసి ఉంటారు అంటే అతిశయోక్తే, కానీ చాలావాటిలో చేసి ఉంటారు. ఎల్బోలు తగ్గించండి, తప్పనిచోట లాంగ్ బెండ్ వాడండి. దళసరి పీవీసీ ప్రెషర్ పైపు సరిపోతుంది. కదిలే చోట లోపల స్ప్రింగ్ ఉన్న సక్షన్ హోస్ పెట్టండి, మామూలు తోట పైపు అప్పడంలా అణిగిపోతుంది. పంపుకి ముందు ఫిల్టర్, పంపు పక్కనే నాన్ రిటర్న్ వాల్వు (గాలి వెనక్కి రాకుండా ఆపేది). గేజ్ రెండు పెట్టండి: పంపు దగ్గర ఒకటి, బెడ్ దగ్గర ఒకటి. పంపు దగ్గర 550, బెడ్ దగ్గర 350 చూపిస్తుంటే ఆ 200 పైపులోనో ఫిల్టర్‌లోనో పోయినట్టు. ఒక్క గేజే ఉంటే ఈ సంగతి మీకు తెలియనే తెలియదు.

ఇక స్పాయిల్ బోర్డు. 18 మిల్లీమీటర్ల సాదా ఎండీఎఫ్ తీసుకోండి. లామినేషన్ ఉన్నది పనికిరాదు. తేమ తట్టుకునే రకం మరీ గట్టిగా ఉంటుంది, గాలి సరిగ్గా పోదు. ఎండీఎఫ్ రెండు ముఖాల మీదా గట్టి పొర ఉంటుంది, లోపల కాస్త వదులు. ఆ పొరే గాలిని ఆపుతుంది, అందుకే రెండు వైపులా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా గీకెయ్యాలి. ముందు బోర్డుని బెడ్ మీద పెట్టి, పంపు ఆన్ చేసి, వెడల్పాటి సర్ఫేసింగ్ బిట్‌తో ఒక వైపు కొట్టండి. తిప్పి వెయ్యండి. రెండో వైపు కొట్టండి. ఈ రెండోసారి కొట్టినదే మెషిన్‌కి సమాంతరంగా ఉండే ముఖం, ఆ తర్వాత మళ్లీ తిప్పకండి.

పక్క అంచులు మరిచిపోతారు చాలామంది. ఎండీఎఫ్ అంచు గాలిని ముఖం కన్నా ఎక్కువ పీలుస్తుంది. నాలుగు అంచులకీ ఫెవికాల్ నీళ్లు కలిపి ఒక కోటు, ఆరాక చిక్కగా ఇంకో కోటు, దాని మీద ఆయిల్ పెయింట్. లేదా ఎడ్జ్ బ్యాండ్ అంటించండి. గంట పని. గేజ్ మీద తేడా మీకే కనిపిస్తుంది.

రోజూ వాడేటప్పుడు

పొద్దున బెడ్‌ని బ్రష్‌తోనూ డస్ట్ కలెక్టర్‌తోనూ శుభ్రం చేయండి. కంప్రెసర్ గన్‌తో ఊదితే పొడి ఎండీఎఫ్ రంధ్రాల్లోకే దిగుతుంది. జాబ్ కింది ముఖం కూడా చేత్తో తడిమి చూడండి. ఒక్క చిన్న పేడు అడ్డం పడినా చుట్టూ సందు ఏర్పడుతుంది.

జాబ్ పరిచాక బయట మిగిలిన బెడ్‌ని కప్పండి. పాత లామినేట్ ముక్కలు, సన్నటి రబ్బరు షీటు, దళసరి పాలిథిన్, ఏదైనా సరే. కప్పింది బిట్ దారిలోకి రాకూడదు, అంతే. అవసరం లేని వాల్వులు మూయండి. పంపు ఆన్ చేసి గేజ్ నిలబడేదాకా ఆగండి. తర్వాత జాబ్ అంచుని అరచేత్తో పక్కకి గట్టిగా నెట్టండి. వెంట్రుక వాసి కదిలినా బిట్ దించకండి.

వంగిన షీటు అందరికీ వచ్చే తలనొప్పి, ముఖ్యంగా వానాకాలంలో. నాలుగు మూలలు లేచిన ప్లైవుడ్‌ని తిరగేసి, మధ్య లేచేట్టు వేస్తే సులువు. అప్పుడు చుట్టూ అంచులు బెడ్‌కి తగులుతాయి, పంపు ఆన్ చేసి మధ్యలో ఒకసారి అదిమితే పట్టేస్తుంది. తిరగెయ్యడం కుదరనప్పుడు, డిజైన్‌కి బయట మూలల్లో రెండు స్క్రూలు పెట్టుకోండి. వాక్యూమ్ ఉన్నా స్క్రూ వాడటం నామోషీ ఏమీ కాదు. మెలితిరిగిన టేకు పలకని మాత్రం వాక్యూమ్‌తో సరిచెయ్యాలని చూడకండి. ముందు రందా పట్టి కింది ముఖం సమం చేసుకోండి.

ఇక కోత. పూర్తిగా అడుగుదాకా కోసేది ఒకే పాస్‌లో వద్దు. మొదటి పాస్‌లో అడుగున 0.4 మిల్లీమీటర్ల పొర వదిలేయండి. షీటు అంతా అయ్యాక రెండో పాస్‌లో ఆ పొరని మాత్రమే తీసెయ్యండి. పలచటి పొరని కోయడానికి తోపు చాలా తక్కువ, పీసు జరగదు. పైగా లోతు గాట్లు పడినా మొదటి పాస్ మొత్తం వాక్యూమ్ కారదు. స్పాయిల్ బోర్డులోకి బిట్ 0.2 మిల్లీమీటర్లు దిగితే చాలు. కొందరు ధైర్యం కోసం ఒక మిల్లీమీటరు దించుతారు. ప్రతి గాటూ తర్వాతి షీటుకి ఒక లీకు.

బిట్ విషయం: మామూలు అప్‌కట్ స్పైరల్ పొట్టుని పైకి తీస్తూ జాబ్‌ని కూడా పైకి లాగుతుంది. చిన్న పీసులున్నప్పుడు పొట్టుని కిందికి నెట్టే డౌన్‌కట్ వాడండి. రెండు వైపులా లామినేట్ ఉన్న షీటుకైతే కంప్రెషన్ బిట్ (కింద అప్‌కట్, పైన డౌన్‌కట్ ఉన్నది). మొద్దుబారిన బిట్ తోపు రెట్టింపు చేస్తుంది. పీసు కదిలిందని పంపుని తిట్టే ముందు బిట్ అంచు గోటితో చూడండి.

వరుస కూడా ముఖ్యమే. షీటు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే చిన్న పీసులు ముందు కోసెయ్యండి, పెద్దవి చివర. నెస్టింగ్ (షీటు మీద పీసులు సర్దడం) చేసేటప్పుడు చిన్నవాటిని షీటు మధ్యలో పెట్టండి, అంచుల దగ్గర వాక్యూమ్ ఎప్పుడూ తక్కువే. అరచేయి కన్నా చిన్న పీసులకి ట్యాబులు (షీటుకి అంటి ఉండే చిన్న వంతెనలు) వదిలి, తర్వాత ఉలితో తీసుకోవడం నయం.

జాలీల సంగతి వేరు. సగం చెక్క ఎగిరిపోయే డిజైన్‌లో పీసుని అదమడానికి మిగిలే వైశాల్యమే తక్కువ, పైగా ప్రతి రంధ్రమూ ఒక లీకు. అన్ని రంధ్రాలూ 0.4 పొర వదిలి కోసి, షీటు దించి, వెనక వైపు బెల్ట్ శాండర్ కింద పంపితే పొర దానంతటదే పోతుంది. శాండర్ లేకపోతే పొర తీసే పాస్‌ని మధ్య నుంచి అంచులకి నడపండి, బయటి గీత అన్నిటికన్నా చివర.

ఒకే పీసు పదేపదే చేయాలంటే ఫిక్చర్

ఒకే రకం బ్రాకెట్లు, నేమ్ బోర్డులు, గోడ బొమ్మల పలకలు వందల్లో వస్తే స్పాయిల్ బోర్డు మీద కుస్తీ పట్టకండి. ఫిక్చర్ చేసుకోండి.

గాలి పీల్చని దళసరి షీటు ముక్క తీసుకోండి. పీసు బయటి గీతకి 5 మిల్లీమీటర్లు లోపలగా చుట్టూ ఒక గాడి కొట్టండి. 6 మిల్లీమీటర్ల మెత్తటి స్పాంజి రబ్బరు తాడు అయితే గాడి 6 వెడల్పు, 4.5 లోతు. తాడు ఒకటిన్నర మిల్లీమీటరు పైకి కనిపించాలి. వాక్యూమ్ పట్టగానే తాడు గాడిలోకి పూర్తిగా అణిగి, పీసు గట్టి ఉపరితలం మీద కూర్చోవాలి. పీసు రబ్బరు మీద తేలుతుంటే పక్కకి ఊగుతుంది, లోతు కొలతలూ మారతాయి. ఫిక్చర్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే: గట్టి రబ్బరు తీసుకుంటారు, అది అణగదు. తాడు కొసలు ఏటవాలుగా కోసి, ఒక చుక్క ఫెవిక్విక్‌తో కలపండి. లోపలి భాగంలో పలచటి గళ్ల గాడులు, మధ్యలో గాలి రంధ్రం. పక్క తోపుని ఆపడానికి రెండు వైపులా రెండు డోవెల్ పిన్నులు పెడితే రాపిడి మీదే ఆధారపడక్కర్లేదు.

చెక్క గాలి పీలుస్తుందా లేదా ముందు చూసుకోండి. టేకు ముఖం వైపు పర్వాలేదు. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి చాలా తేలిక, గుల్ల చెక్క. దాని గుండా గాలి బాగా కారుతుంది. ఒక ముక్క మీద సబ్బు నీళ్లు రాసి వెనకనుంచి కంప్రెసర్ గాలి ఊదితే బుడగలు వస్తాయి. అలాంటి చెక్కకి కింది ముఖానికి శాండింగ్ సీలర్ ఒక కోటు కొట్టాలి, లేదా వెడల్పాటి మాస్కింగ్ టేపు అంటించాలి.

లీకు పట్టుకోవడం

అన్ని వాల్వులూ మూసి పంపు ఆన్ చేయండి. పంపు దగ్గర గేజ్ చూపించేదే దాని గరిష్ఠం, గోడ మీద రాసుకోండి. తర్వాత ఒక్కో వాల్వు తెరుస్తూ, ఆ భాగం బెడ్ మీద పాలిథిన్ పరిచి గేజ్ చూడండి. ఏ భాగం దగ్గర ముల్లు ఎక్కువ పడుతుందో ఆ భాగంలోనే వెతకండి. కీళ్ల మీద షేవింగ్ నురగ రాస్తే లీకున్న చోట నురగ లోపలికి గుంటపడుతుంది. అగరొత్తి పొగతో చూసేవాళ్లున్నారు. పొగ చక్కగానే చూపిస్తుంది, కానీ ఎండీఎఫ్ పొడి గాల్లో తేలే షెడ్డులో నిప్పు వెలిగించమని నేను చెప్పను.

వాల్వులన్నీ మూసినా గేజ్ ఎక్కకపోతే తప్పు బెడ్‌ది కాదు. ఫిల్టర్, నీళ్ల వేడి, ఆయిల్ మట్టం, తిరిగే దిశ, ఈ నాలుగూ చూడండి.

కరెంటు పోతే

పంపు, స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటారు) ఒకేసారి ఆగితే పెద్ద ప్రమాదం ఉండదు అనుకుంటారు. స్పిండిల్ వెంటనే ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. ఈలోగా పట్టు వదిలితే బిట్ పీసుని లేపుతుంది. నాన్ రిటర్న్ వాల్వు, దానికీ బెడ్‌కీ మధ్య ఒక ఖాళీ ట్యాంకు ఉంటే కొన్ని సెకన్ల పట్టు దొరుకుతుంది. ట్యాంకు కోసం పాత కంప్రెసర్ ట్యాంకు వాడండి. 200 లీటర్ల ఆయిల్ డ్రమ్ము చవగ్గా దొరుకుతుంది కదా అని పెట్టకండి, బయటి గాలి దాన్ని నలిపేస్తుంది.

ఇంతకన్నా ప్రమాదం, పంపు ఒక్కటే ట్రిప్ అయి మెషిన్ నడుస్తూ ఉండటం. దీనికి మందు వాక్యూమ్ స్విచ్. బెడ్ దగ్గర వాక్యూమ్ మీరు పెట్టిన అంకె కన్నా పడిపోతే కంట్రోలర్‌కి ఫీడ్ హోల్డ్ (కదలిక ఆపు) సిగ్నల్ ఇస్తుంది. పెద్ద ఖర్చు కాదు. పంపు మోటారుకి సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజ్ పోతే మోటారుని ఆపేది) కూడా తప్పనిసరి.

స్పాయిల్ బోర్డు ఆయుష్షు

గాట్లు ఎక్కువై గేజ్ మామూలు కన్నా 50 దాకా పడితే బోర్డుని మళ్లీ 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు గీకండి. ఆ పొడి చాలా సన్నం, మాస్కు లేకుండా చేయకండి. వానాకాలంలో గాల్లో తేమకి ఎండీఎఫ్ ఉబ్బుతుంది, గాట్లు లేకపోయినా మొదటి ముసురు తర్వాత ఒకసారి సమం చేయాల్సి రావచ్చు. రాత్రిపూట బెడ్ మీద పాలిథిన్ కప్పి ఉంచితే ఉబ్బడం కాస్త తగ్గుతుంది. గీకిన ప్రతిసారీ కొత్తగా తెరుచుకున్న అంచుకి మళ్లీ ఫెవికాల్ కోటు, జడ్ (బిట్ ఎత్తు) సున్నా మళ్లీ సెట్ చేయడం, మిగిలిన మందం వెర్నియర్‌తో చూసి బోర్డు పక్కనే మార్కర్‌తో రాయడం. 10 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చాక బోర్డు పలచబడి గాడుల మీద లోపలికి వంగడం మొదలవుతుంది, అప్పుడు మార్చెయ్యండి. తీసిన పాత బోర్డుని పారెయ్యకుండా ముక్కలు కోసి బెడ్ కప్పడానికి ఉంచుకుందాం అనుకుంటే, రెండు వైపులా పెయింట్ కొట్టాకే వాడండి. లేకపోతే గాలి దాని గుండానే పోతుంది.